తాడిమెరక అకర్మ రిజిస్టరు

తాడిమెరక పురపాలక సంఘంలో ఏ పనీ జరగదని చుట్టుపక్కల పేరుంది. అది గొప్ప పేరని, కమిషనర్ శశిభూషణరావు గారు నాయకత్వ శిక్షణకు వెళ్ళొచ్చేదాకా ఎవరికీ తెలీలేదు పాపం.

శిక్షణ ఎక్కడో చల్లటి కొండమీద, అయిదు రోజులు. వెళ్ళేటప్పుడు ఆయన మామూలు మనిషే. ఫైలు కనిపిస్తే చిరాకు పడేవారు, కౌన్సిలరు కనిపిస్తే నమస్కారం పెట్టేవారు. తిరిగొచ్చాక నడక నెమ్మదించింది, మాట మెత్తబడింది, భోజనం చేసి కళ్ళు మూసుకుని తనలో తాను నవ్వుకోవడం మొదలైంది. మూడో రోజున సిబ్బందినందరినీ మీటింగు హాల్లో పోగేసి సంగతి బయటపెట్టారు. చైనా దేశంలో వేల ఏళ్ళ కిందట తావో అనే మార్గం ఒకటి పుట్టిందిట. లోకం దాని దారిన అది నడుస్తుంటుంది గనక మనం మధ్యలో వేలు పెట్టకూడదుట. చేయకుండా చేయడమే అసలు చేయడమట, దానికి వాళ్ళ భాషలో వూ-వే అని పేరట. గొప్ప నాయకుడంటే అలాంటివాడొకడు ఉన్నాడని కూడా జనానికి తెలియకూడదట. అందరికీ గురువు నీరేనట. నీరు ఎవరితోనూ గొడవ పడకుండా పల్లం వెతుక్కుని పోతుంది కదా, అలా ఉండాలట.

అప్పటిదాకా వెనకవైపు గోడకు జారబడి ఉన్న తవిటయ్య, నీళ్ళ మాట వినపడేసరికి నిటారుగా నిలబడ్డాడు. అతను ఊళ్ళో మంచినీళ్ళ వాల్వులు తిప్పేవాడు. పదిహేడేళ్ళుగా కాంట్రాక్టు మీదే తిప్పుతున్నాడు. ఏటా మార్చి నెల వచ్చిందంటే కాంట్రాక్టు మళ్ళీ రాస్తారో రాయరో అని అతనికి అన్నం సయించేది కాదు. పర్మనెంటు కోసం పెట్టుకున్న కాగితానికి వయసొచ్చిందే తప్ప జవాబు రాలేదు. నీళ్ళు పల్లానికి పోతాయన్న సంగతి అతనికి చైనా వాళ్ళు చెప్పక్కర్లేదు. అతని తిండీ నిద్రా చెడేది దానివల్లే. ట్యాంకు నుంచి దిగిన నీళ్ళు దిగువ వీధులకు వాటంతటవే పోతాయి. కొండవీధికి మాత్రం పోవు. తెల్లవారుజామున అయిదింటికి దిగువ వాల్వు పూర్తిగా బిగించి, ముప్పావుగంట అలా ఉంచి, ఒత్తిడి పెంచితేనే కొండవీధి నూట నలభై ఇళ్ళలో కుళాయి చప్పుడు చేస్తుంది. తర్వాత మళ్ళీ వదలాలి. ఇదంతా ఒక్కడే చేస్తాడు. కొండవీధి వాళ్ళకు తవిటయ్య అనే మనిషి తెలుసు గానీ, పొద్దున్నే నీళ్ళొచ్చేది అతని చేతుల్లోంచని తెలీదు. పొద్దు పొడిచినట్టే నీళ్ళూ వస్తాయనుకుంటారు.

మీటింగులో అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు సీనియర్ అసిస్టెంట్ నీలకంఠం. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆఫీసు నడుస్తున్నదే ఆ మార్గంలో సార్, దానికి ఇంత మంచి పేరుందని తెలీక ఇన్నాళ్ళూ తలవంచుకు తిరిగాం అని కళ్ళు తుడుచుకున్నాడు. కమిషనర్ గారు జాలిగా నవ్వి, బద్ధకంతో చేయకపోవడం వేరు, శ్రద్ధతో చేయకపోవడం వేరు అన్నారు. రెంటికీ తేడా ఎలా తెలుస్తుందని నీలకంఠం అడక్కుండా ఉండాల్సింది. అడిగాడు.

"రికార్డు వల్ల తెలుస్తుంది" అన్నారు కమిషనర్ గారు.

మర్నాడే సర్క్యులర్ దిగింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఇకమీదట ప్రతి ఉద్యోగియు తాను చేయని పనులను గంటగంటకు అకర్మ రిజిస్టరు నందు నమోదు చేయవలెను. నమోదు కాని అకర్మ అకర్మగా పరిగణింపబడదు.' రిజిస్టరులో తొమ్మిది గళ్ళు. చేయని పని ఏది, ఏ సమయంలో చేయలేదు, చేసి ఉంటే ఎవరు చేసి ఉండేవారు, చేయకుండా ఉండేందుకు తీసుకున్న జాగ్రత్తలు, పై అధికారి ధ్రువీకరణ, ఇంకా ఏవేవో. మూడు ప్రతులు తీయాలి.

ఇక చూడండి ఆ ఆఫీసు అవస్థ. అంతకుముందు పదకొండింటికి టీకి లేచి పన్నెండున్నరకు తిరిగొచ్చేవాళ్ళు, ఇప్పుడు కుర్చీలోంచి కదిలితే ఒట్టు. చేయని పనులు ఎన్నని రాస్తారు? వీధిదీపాలు వేయలేదని రాయాలి, కాలవలు తీయలేదని రాయాలి, జనన ధ్రువపత్రం ఇవ్వలేదని ఒక్కొక్క బిడ్డకీ విడివిడిగా రాయాలి. నీలకంఠం రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాడు. ఆదివారాలు కూడా వచ్చి కూర్చున్నారు. ఏమీ చేయకుండా ఉండడానికి ఉన్న సిబ్బంది చాలడం లేదని, మరో ఆరుగురిని ఇప్పించాలని పైకి ఒక ప్రతిపాదన కూడా వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళలో ఆ ఆఫీసు నుంచి సకాలంలో వెళ్ళిన కాగితం అదొక్కటే.

తర్వాత గోతులొచ్చాయి.

పల్లంలో ఉండేదే గొప్పది గనక పెద్ద అధికారి పెద్ద కుర్చీలో ఎత్తుగా కూర్చోవడం మార్గానికి విరుద్ధమని కమిషనర్ గారికి ఒక మధ్యాహ్నం తట్టింది. ముందు నేలమీద కూర్చున్నారు. ఆయన నేలమీద కూర్చుంటే ఇంజనీర్ జగ్గప్పారావు కుర్చీలో ఎలా కూర్చుంటాడు? అతనూ నేలకు దిగాడు. అతని వెనకే మేనేజరు, గుమాస్తాలు. సాయంత్రానికి అందరూ ఒకే ఎత్తులో ఉండడంతో ఎవరెవరికి పైవాళ్ళో తెలియక ఆఫీసు అల్లకల్లోలమైపోయింది. అందుకని హోదాను బట్టి గోతులు తవ్వారు. కమిషనర్ గారికి నాలుగడుగులు, ఇంజనీరుకు మూడు, మేనేజరుకు రెండున్నర, సీనియర్ అసిస్టెంటుకు రెండు, జూనియరుకు ఒకటి. అటెండర్లకు నేల. కాంట్రాక్టు వాళ్ళకు ముక్కాలి పీటలు. రోజుకూలీ వాళ్ళను మాత్రం బీరువాల మీద కూర్చోబెట్టారు. జూనియర్ అసిస్టెంట్లు తమ గోతులు ఆరంగుళాలు తక్కువగా తవ్వించి తమ ఉద్యోగ సంఘాన్ని అవమానించారని వినతిపత్రం ఇచ్చారు. పన్ను కట్టడానికొచ్చిన జనం గోతుల అంచున గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూసి మాట్లాడేవాళ్ళు. ఒక ముసలావిడ నీలకంఠానికి ఏదో అయిపోయిందనుకుని రెండు పూలు వేసి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది.

వానాకాలం వచ్చింది, గోతులు నిండాయి. కమిషనర్ గారు నడుంలోతు నీళ్ళలో నిలబడి, గురువుగారే స్వయంగా మనల్ని వెతుక్కుంటూ వచ్చారని పొంగిపోయారు. జగ్గప్పారావు జలుబుతో ముక్కు చీదుకుంటూ అవునవునన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. తవిటయ్యకు వీటితో పేచీ లేదు. ముక్కాలి పీట మీద కూర్చుని కింద గోతుల్లో దొరల తలకాయలు చూడడం అతనికి సరదాగానే ఉండేది. గొడవ ఎక్కడొచ్చిందంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం తాడిమెరకకు ఒక వాల్వు ఆపరేటరు పోస్టు మంజూరు చేసింది. ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు. ఎవరికివ్వాలన్నది కమిషనర్ గారి ఇష్టం. తొంభై రోజుల పాటు ఎవరి అకర్మ నిష్కళంకంగా ఉంటుందో వారికేనని ఆయన గోతిలోంచి ప్రకటించారు.

జగ్గప్పారావు తవిటయ్యను పిలిచి బోధపరిచాడు. తొంభై రోజులు వాల్వు మీద చెయ్యి వేయకు. నీళ్ళు వాటి ఇష్టమొచ్చిన చోటికి పోతాయి. రిజిస్టరులో వేలిముద్ర వేసి ఇంటికి పోయి పడుకో. పదిహేడేళ్ళు తిప్పితే రానిది మూడు నెలలు తిప్పకపోతే వస్తోంది, నీ అదృష్టం అన్నాడు. తవిటయ్యకు కడుపులో చల్లగా అనిపించింది. మార్చి నెల భయం ఇక ఉండదు. మోకాళ్ళు అరిగిపోయాక కూర్చుని తినొచ్చు. ఆ సాయంత్రం జిలేబీ కొనుక్కుని కొండెక్కాడు.

ఎందుకంటే అతని ఇల్లూ కొండవీధిలోనే.

మొదటిరోజు పొద్దున్న కుళాయి దగ్గలేదు, తుమ్మలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజుకి కొండవీధి ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని దిగువకు పోయి, నూట తొంభై మెట్లు ఎక్కి నీళ్ళు మోసుకొచ్చారు. తవిటయ్య భార్య సన్యాసమ్మ మూడో బిందె దించి, అరుగు మీద కూర్చున్న మొగుడి వంక చూసింది. అతను పర్మనెంటు సంగతి మళ్ళీ చెప్పబోయాడు. ఆవిడ అరవలేదు. చెంగుతో మొహం తుడుచుకుంది.

"పర్మనెంటయితే దాన్ని కాసుకుని తాగుతావేటి?" అని మాత్రం అడిగింది.

ఆ మాట అతనికి రెండు రోజులు అన్నం దిగనివ్వలేదు. ఉద్యోగం కావాలి. నీళ్ళూ కావాలి. బుర్ర బద్దలుకొట్టుకుని చివరకు ఒక ఉపాయం ఆలోచించాడు. తెల్లారకుండా వెళ్ళి, ఎవరూ చూడకుండా వాల్వు బిగించడం, ముప్పావుగంటకు వదిలేయడం. తర్వాత ఆఫీసుకెళ్ళి 'వాల్వు తిప్పలేదు' అన్న గడిలో వేలిముద్ర వేయడం. జీవితంలో మొదటిసారి దొంగతనంగా పనిచేశాడు మనిషి. ఎవరైనా చూస్తారేమోనని ఆ తిప్పే ఇరవై రెండు చుట్లూ గుండె దడదడలాడుతూనే ఉండేది.

కొండవీధికి నీళ్ళొచ్చాయి. కౌన్సిలరు ఆ మాటను కమిషనర్ గారి చెవిన వేశాడు. ఆయన రిజిస్టరు తెప్పించి చూశారు. వాల్వు తిప్పలేదు. అయినా నీళ్ళు కొండెక్కాయి. మరోసారి చూశారు. తిప్పలేదు. గోతిలో అలాగే కూలబడిపోయి, చేతులు జోడించి, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరూ ముట్టుకోకపోవడం వల్ల మనసు కరిగి నీరు తనంతట తానే ఎత్తుకు ప్రవహించిందని, ఇటువంటిది చైనాలో కూడా జరిగినట్టు దాఖలాలు లేవని పైకి పదకొండు పేజీల నివేదిక రాశారు. అది రాయడం కర్మ కింద వస్తుందా అకర్మ కింద వస్తుందా అన్న అనుమానం నీలకంఠానికి వచ్చింది గానీ, ఈసారి అడగలేదు.

నివేదిక చదివి రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ బయల్దేరింది. దాని చైర్మన్ గారు చాలా పెద్ద మనిషి. పేరు మాత్రం చెప్పరు. తానున్నట్టు ఎవరికీ తెలియకూడదని నియమం పెట్టుకున్నారు, అందుకని ఆయన ముందూ వెనకా రెండు జీపులు హారన్ కొట్టుకుంటూ వచ్చాయి. నీళ్ళు తమంతట తాము కొండెక్కడం కళ్ళారా చూసి, రాష్ట్రమంతటా అమలు చేయిస్తామన్నారు. అక్కడికక్కడే తవిటయ్యకు పర్మనెంటు ఆర్డరు కూడా ఇచ్చేస్తామన్నారు. టైపు చేసిన ఆర్డరు కమిషనర్ గారి జేబులో ఉంది. దానిమీద తవిటయ్య పేరుంది.

మర్నాడు అయిదింటికే వాల్వు గుంత చుట్టూ షామియానా వేశారు. కమిటీ వారికి గుంత పక్కనే మూడు చక్కటి గోతులు, కమిషనర్ గారికి ఇంకొకటి, లోపల దిండ్లు. తవిటయ్యకు అందరికంటే ఎత్తుగా ఒక పీట. దానిమీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏమీ చేయకపోవాలి. అంతే పని.

అయిదున్నరయింది. నీళ్ళు రాలేదని కొండ మీద నుంచి కబురొచ్చింది. తొందరపడకూడదు, తొందరే కర్మ అన్నారు చైర్మన్ గారు. ఆరయింది. రాలేదు. ఏడింటికల్లా ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆ తర్వాత బ్రహ్మదేవుడు తిప్పినా మర్నాటిదాకా కొండవీధికి చుక్క ఎక్కదు. ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరిలో తవిటయ్యకొక్కడికే తెలుసు. అతను కమిషనర్ గారి జేబు వంక చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు.

ఆరుంపావుకు కొండవీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మెట్లు దిగి వచ్చారు. వాళ్ళను చూసి కమిషనర్ గారు కంగారు పడకుండా కమిటీకి వివరించారు. బిందెకు విలువ దానిలోని ఖాళీ వల్లనే గనక, ప్రస్తుతం ఈ మహిళల చేతుల్లో ఉన్నవి మిక్కిలి విలువైన బిందెలని చెప్పారు. చైర్మన్ గారు తలూపి రాసుకున్నారు. ముందు వరసలో సన్యాసమ్మ ఉంది. ఆవిడ కమిషనర్ గారిని చూడలేదు, కమిటీని చూడలేదు. పీట మీదున్న మొగుణ్ణే చూస్తూ నిలబడింది. ఆవిడ పక్కన పక్కింటి పురిటి పిల్ల, నిండా నెల కూడా కాని బిడ్డను భుజానేసుకుని, ఇంకో చేత్తో బిందె పట్టుకుని ఉంది.

తవిటయ్య పీట దిగాడు.

"తవిటయ్యా, ఆర్డరు నా జేబులో ఉంది" అన్నారు కమిషనర్ గారు, గోతిలోంచి మెల్లగా.

"తెలుసు బాబూ" అన్నాడు తవిటయ్య. "ఉండనివ్వండి. ట్యాంకు అయిపోద్ది."

గుంతలోకి దిగి, ఇనప పిడి పట్టుకుని, అంతమంది చూస్తుండగా వాల్వు బిగించాడు. ఈసారి గుండె దడదడలాడలేదు. కాస్సేపటికి పైన కొండమీద కుళాయిలు ఒకటొకటిగా బుసకొట్టాయి. ఆడవాళ్ళు గబగబా మెట్లెక్కారు. నీళ్ళొచ్చేది ఎవరి చేతుల్లోంచో వాళ్ళు చూడడం అదే మొదటిసారి. చైర్మన్ గారు గోతిలో లేచి నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, 'మా సమక్షమున ఒక పని జరిగినది' అని రాసుకున్నారు. ఆ పూట కమిటీ టిఫిను ముట్టుకోలేదు.

తవిటయ్యకు చార్జిమెమో వచ్చింది. ఉద్దేశపూర్వకముగా, రెండు చేతులతో, బహిరంగ ప్రదేశమున విధి నిర్వర్తించినట్లు అభియోగం. విచారణలో అతను ఏదీ దాచలేదు. నెలన్నరగా రోజూ తిప్పుతున్నాననీ, అంతకుముందు పదిహేడేళ్ళూ తిప్పాననీ ఒప్పుకున్నాడు. నేరం చాలా పాతదని కమిటీ విస్తుపోయింది.

ఇప్పుడు పోస్టు ఎవరికివ్వాలి? కమిటీ ఆఫీసులోని అకర్మ రిజిస్టర్లన్నీ తెప్పించుకుని నాలుగు రోజులు చూసింది. మొదట నీలకంఠానిదే నిష్కళంకం అనుకున్నారు, ఆరువందల పేజీలు రాశాడు గనక. అప్పుడు చైర్మన్ గారికి జ్ఞానోదయమైంది. ఏమీ చేయలేదని రాసినవాడు రాయడమనే పని చేశాడు కదా. వేలిముద్ర వేసినవాడు వేలు కదిపాడు కదా. ఆ లెక్కన ఆఫీసు మొత్తం పీకలదాకా కర్మలో కూరుకుపోయి ఉంది. నీలకంఠం ఆ మాట విని తన గోతిలోనే బావురుమన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం ఒకే ఒక్క రిజిస్టరు దొరికింది. అట్ట మీద పేరు తప్ప లోపల ఒక్క గీత లేదు, సంతకం లేదు, కనీసం వేలి మరక లేదు. గంటా అప్పలసూరి, వాల్వు ఆపరేటరు, కాంట్రాక్టు. ఒకప్పుడు తవిటయ్యకు జోడీగా పనిచేసినవాడు. ఇతను ఎవరు, ఎక్కడ అని చైర్మన్ గారు ఆత్రంగా అడిగారు. ఆరేళ్ళ కిందట కామెర్లతో పోయాడని, హాజరుపట్టీలోంచి పేరు తీసేయడానికి ఎవరూ పూనుకోలేదని, అందుకే ఆ పేర కూడా ఒక రిజిస్టరు తెరిచారని జగ్గప్పారావు నసిగాడు.

"ఆరేళ్ళు" అన్నారు చైర్మన్ గారు, రిజిస్టరు కళ్ళకద్దుకుంటూ. "ఒక్కరోజు కూడా తప్పకుండా."

ఆర్డరు వెలువడింది. అప్పలసూరి గారిని పర్మనెంటు చేశారు. కమిషనర్ గారు స్వయంగా ఒక దండ తెచ్చి, ఎవరి మెడలో వేయాలో తెలియక కాసేపు నిలబడి, రిజిస్టరు మీద ఉంచారు. నిజమైన నాయకుడు ఉన్నట్టే తెలియదని తాను అందరికీ చెప్పారే గానీ, అటువంటివాడు తన ఆఫీసులోనే ఉన్నాడని తనకే తెలియలేదని ఆయన చాలా బాధపడ్డారు. ఊళ్ళో నీటి విభాగానికంతటికీ అప్పలసూరి గారినే పెద్దగా చేశారు.

ఆర్డరు కిందే, చిన్నక్షరాల్లో, ఇంకో పేరా ఉంది. అది రాసింది నీలకంఠం. కమిటీ వెళ్ళిపోయాక గోతిలోంచి చెయ్యి చాచి తవిటయ్య చేతిలో ఒక ప్రతి పెట్టి, చదివించుకో అన్నాడు. వెంటనే రిజిస్టరు మీదికి వంగాడు, రాసుకోవలసింది చాలా ఉంది.

తవిటయ్య దాన్ని కొండమీదికి తీసుకుపోయి పక్కింటి పురిటి పిల్ల చేత చదివించుకున్నాడు. ఆ అమ్మాయి పది పాసయింది. బిడ్డను ఒళ్ళో జోకొడుతూ గట్టిగా చదివింది. 'సదరు శ్రీ గంటా అప్పలసూరి గారు విధులలో చేరు వరకు, వారి స్థానమున, కాంట్రాక్టు ప్రాతిపదికన తవిటయ్య కొనసాగవలెను. సదరు వారు చేరనిదే ఇతనిని తొలగించుటకు వీలు లేదు.'

సన్యాసమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. పోయినోడికి పర్మనెంటు, ఉన్నోడికి కాంట్రాక్టా అని ఆఫీసు మొత్తాన్నీ పేరుపేరునా తిట్టిపోసింది. తిట్టి తిట్టి, ఆ ఆఖరి వాక్యం ఇంకోసారి చదవమంది. విన్నది. 

"ఆ అప్పలసూరి సేరతాడేటి?"

"నాను ఆడి పాడె కూడా మోసినానే" అన్నాడు తవిటయ్య. "ఎలా సేరతాడు?"

"అయితే మార్చికి ఎవుడూ నిన్ను తియ్యనేడు."

తవిటయ్య ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. పదిహేడేళ్ళలో అతనికి అంత గట్టి ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. అప్పలసూరి పెళ్ళాం దిగువ వీధిలోనే ఉందనీ, ఆవిడకు ఈ దండ సంగతి ఎవరూ చెప్పి ఉండరనీ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుని లేచాడు. రేపు నీళ్ళు వదిలాక వాళ్ళింటికి పోయి రావాలని, ఆఫీసులో ఎలాగూ ఇంకో ప్రతి ఉంటుంది గనక మొగుడి పేరున్న ఈ ఆర్డరు ఆవిడకే ఇచ్చి రావాలని సన్యాసమ్మతో చెప్పాడు.